ఒకే జాతి చేప, వేర్వేరు నీళ్ల వేడి: మీ అనుభవాలు చెప్పండి

కొల్లేటి రైతు:
శీలావతి (రోహు) చేప పిల్లను రెండు చోట్ల నుంచి తెచ్చాం. ఒకటి బయటి రాష్ట్రానిది, ఇంకొకటి దగ్గరి హేచరీది. పక్కపక్క చెరువుల్లో వదిలాం. మే నెల ఎండల్లో తెల్లవారుజామున బయటి పిల్లే గాలి కోసం ముందు పైకి తేలింది. మన నీటి వేడి మన చేపకు పుట్టుకతోనే అలవాటు అనుకోవచ్చా?

మత్స్యశాస్త్ర విద్యార్థి:
రెండు చెరువులు చూసి అంత మాట చెప్పలేమండీ. నీరు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. అదే వేడిలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రాత్రంతా నాచు కూడా పీల్చుకుంటుంది. ఆ చెరువులో నాచు ఎక్కువగా ఉన్నా చేప ముందే తేలుతుంది. పైగా కొన్ని వారాల్లో ఒక చేప శరీరం సర్దుకోవడం వేరు, తరతరాలుగా ఒక గుంపులో స్థిరపడిన గుణం వేరు. ఆ గుణమే పిల్లలకు వస్తుంది.

వాంకూవర్ తెలుగువాడు:
ఆ రెండోదానికి మంచి ఉదాహరణ మా ఫ్రేజర్ నదిలోని సాకై సాల్మన్. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే ఈ చేపల్లో వందకు పైగా గుంపులున్నాయి. ప్రతి గుంపూ తాను పుట్టిన వాగుకో సరస్సుకో తిరిగి వెళుతుంది, కాబట్టి గుంపుల మధ్య కలయిక తక్కువ. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎరికా ఎలియాసన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన నాకు ఎంతో ఇష్టం. దూరం, ఎత్తు ఎక్కువగా ఈదవలసిన గుంపులకు గుండె పెద్దది, గుండె కండరానికి రక్త సరఫరా మెరుగు. ఏ గుంపు ఏ వేడిలో బాగా ఈదగలదో చూస్తే, అది దాని దారిలో ఎప్పటినుంచో ఉన్న నీటి వేడికి సరిపోయింది. చిల్కో సరస్సు గుంపు 600 కిలోమీటర్లకు పైగా ఈదుతుంది. వేడిని తట్టుకోవడంలో అదే మేటి. తీరానికి దగ్గరలోని వీవర్ వాగు గుంపుకు అంత శక్తి లేదు. నది వేసవి వేడి 1950ల నుంచి సుమారు 2 డిగ్రీలు పెరిగింది. అందుకే వీవర్ లాంటి గుంపుల గురించి ఇక్కడ చాలామందికి బెంగగా ఉంది. ఒక గుంపు పోతే దాని స్థానంలోకి ఇంకోదాన్ని తెచ్చి వదిలితే సరిపోదు.

కొల్లేటి రైతు:
మరి వేడెక్కుతున్న నీటికి తగ్గట్టు చేప మారలేదా?

మత్స్యశాస్త్ర విద్యార్థి:
మారుతుంది, కానీ నెమ్మదిగా. నార్వే పరిశోధకులు పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన జీబ్రా చేపలను ఆరు తరాల పాటు వేడి తట్టుకునే గుణం కోసం ఎంపిక చేస్తూ వచ్చారు. తరానికి దాదాపు 0.04 డిగ్రీలే లాభం! వేడి తట్టుకోలేని చేపలను ఎంచుకుంటూ పోయిన వరుసలో మాత్రం మార్పు త్వరగా వచ్చింది.

భీమవరం నుంచి:
ఎంపిక చేసి మెరుగుపరచిన శీలావతి రకం, జయంతి రోహు సంగతేమిటి?

మత్స్యశాస్త్ర విద్యార్థి:
గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర చేపలను స్థానిక సాగు చేపలతో కలిపి భువనేశ్వర్‌లో తయారుచేశారు. ఎంపిక చేసింది ఎదుగుదల కోసం, వేడి కోసం కాదు. అన్ని నదుల రక్తం ఒకచోట ఉండటం మాత్రం విలువైన విషయం.

భీమవరం నుంచి:
రైతు గారూ, ఈసారి రెండు రకాల పిల్లనూ ఒకే చెరువులో, ఒకే సైజులో వేయండి. ఒక రకానికి రెక్క కొస కత్తిరించి గుర్తు పెట్టండి. ఇంకొన్ని చెరువుల్లో ఆ గుర్తు రెండో రకానికి పెట్టండి, కత్తిరించడం వల్ల వచ్చే తేడా బయటపడుతుంది.

కొల్లేటి రైతు:
అలాగే చేస్తానండీ. తెల్లవారుజామున ఆక్సిజన్ కొలతలు కూడా రాసి, పట్టుబడి అయ్యాక ఇక్కడే పెడతాను.