పొగడదండా, బొగడదండా?

అమలాపురం గుమాస్తా:
పెద్దలకు నమస్కారం. మా వకీలుగారు కొత్త క్రిమినల్ చట్టాల మీద ఒక చిన్న కరపత్రం వేయిస్తున్నారు. భారతీయ న్యాయ సంహిత 4వ సెక్షన్‌లో మరణశిక్ష, యావజ్జీవం, జైలు, ఆస్తి జప్తు, జరిమానా తర్వాత ఆరోదిగా సమాజ సేవను చేర్చారు కదా, దాని గురించి. పైన శ్రీనాథుడి సీసం ఒక పాదం పెట్టమన్నారు, శిస్తు బాకీకి తనను పెట్టిన బాధల మీద ఆయన చెప్పిందని ప్రసిద్ధి. పొగడదండ అంటే బాధించడానికి మెడలో వేసే ఇనుపదండ అట. నాకు "కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా, పురవీధి నెదురెండ" వరకు వస్తోంది. తర్వాత పొగడదండా, బొగడదండా? ఇంట్లో పాత పుస్తకంలో ఒకలా ఉంది, ఫోన్లో ఇంకోలా ఉంది. సాయంత్రం ప్రెస్సుకి ఇవ్వాలండి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

మండపేట మాస్టారు:
బొగడదండే. ఎదురెండన్ (ఎదురెండలో) అని సప్తమి, ద్రుతాంతం, అంటే చివర న్ ఉంది, రాతలో అది అరసున్న అవుతుంది. "ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు" అని, అంటే ఆ న్ తర్వాత ప లాంటి పరుషం బ లాంటి సరళం అవుతుందని, వ్యాకరణంలో చిన్నయసూరి చెప్పాక ఇంక చర్చేముంది? అరసున్నలు ఎగరగొట్టిన అచ్చుల్లో పొ కనిపిస్తుంది. అది ప్రూఫులు దిద్దినవారి పుణ్యం.

కోటిపల్లి రేవు:
మాస్టారూ, చాటువుకి ప్రూఫులు దిద్దింది ఎవరండీ? నోటా నోటా వచ్చిన పద్యం. యతి చూసి తేల్చుదామన్నా తేలదు. "పురవీధి"లో పు-కి పొ చెల్లుతుంది, బొ కూడా చెల్లుతుంది. నేను పొ అనే అంటాను, అచ్చుతప్పు అనుకుని మాత్రం కాదు. అక్కడ ద్రుతమే లేదు. ఎదురెండ అనే పొగడదండ, రూపకం. ఆయన మెడలో ఎవరూ ఇనుము వేయలేదు. నడివీధిలో ఎండకి ఎదురుగా నిలబెట్టారు, ఆ ఎండే మెడలో దండయింది. బొ అన్నారంటే ఎండ వేరు, దండ వేరు అయిపోయి పద్యం చప్పబడిపోతుంది.

మండపేట మాస్టారు:
మిగతా మూడు పాదాలు చూడండి. నల్లగుండు గుండే, నిగళయుగము సంకెళ్ల జతే, వెదురుగొడియ వెదురుదే. మూడుచోట్ల వస్తువులు పెట్టిన కవి మొదటిచోట మాత్రం గాల్లో దండ వేస్తాడా?

కోటిపల్లి రేవు:
నాలుగూ ఒకే వరసలో ఉంటే అది పద్యం ఎందుకవుతుంది, పంచనామా అవుతుంది.

పొగడచెట్టు నీడ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పొగడపువ్వుని దగ్గరగా చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చెట్టు నుంచి రాలేటప్పుడు రేకులన్నీ కలిసి చిన్న చక్రంలా ఊడి పడతాయి, మధ్యలో బెజ్జం ఉంటుంది. సూది అక్కర్లేదు. మా వైపు పిల్లలు తడి అరటినారకి ఒక్కో పువ్వూ ఎక్కించుకుంటూ పోతారు. ఎండిపోయినా వాసన పోదు. బెజ్జం ఉన్న ఇనుప కడియాలు వరసగా గుచ్చిన గొలుసుని ఊహించుకోండి, పొగడదండ అనే పేరు ఎలా వచ్చి ఉంటుందో తెలుస్తుంది. నా ఊహేలెండి. పూలదండ వేయాల్సిన మెడలో అదే పేరున్న ఇనుపదండ పడిందని ఆయన ఏడుపు.

మండపేట మాస్టారు:
ఊహ బాగుంది. నా లెక్కకి బలమే ఇచ్చారు. దండ వస్తువే, ఎండలో వేశారు, ద్రుతం ఉంది.

రాజమండ్రి పాతపేట:
పొగడు అనే క్రియని అందరూ వదిలేశారేమిటి? జన్మంతా రాజుల్ని పొగిడి బతికినవాడికి పొగడదండ! "కంఠంబు కౌగిలించెను" అన్నాడు చూడండి, ఆ కౌగిలింత ఒకప్పుడు రాజుగారిది. కాశీఖండం అంకితం తీసుకున్న వీరభద్రారెడ్డి మా ఊళ్లోనే ఏలాడు. ఆ ప్రభువు పోయాకే కదా ఈయన కృష్ణాతీరం చేరి బొడ్డుపల్లెను గుత్తకు పట్టింది. వరదొచ్చి పంట పోయింది, తిలలూ పెసలూ పిట్టలు తిన్నాయి, 700 టంకాలు బాకీ పడ్డాడు. గోదావరి ఒడ్డున ఉన్నన్నాళ్లూ రాజభోగాల ధోరణి, కృష్ణ ఒడ్డుకి వెళ్లగానే ఈ గతి. నదిని మార్చకూడదండీ.

పాలకొల్లు పంతులు:
గోదావరికి మాత్రం వరదలు రావా ఏమిటి! ఆ సంగతి అలా ఉంచండి. గుమాస్తాగారు చెప్పిన చట్టం సభలోకి వచ్చినప్పుడు హోంమంత్రి అన్నది ఏమిటంటే, పాత చట్టాల ఉద్దేశం దండించడం, కొత్తవాటి ఉద్దేశం న్యాయం చేయడం అని. అందుకే శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది. నాకైతే శిక్షాస్మృతి అన్న మాటే ఇష్టం. స్మృతి అంటే యాజ్ఞవల్క్యుడు, ఆయన స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షర, దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన కేతన, అంత చరిత్ర కళ్ల ముందు కదులుతుంది. సంహిత అంటే నాకు వైద్యగ్రంథాలు గుర్తొస్తాయి. పేరులో దండన తీసేసి లోపల ఇంకో కొత్త దండన చేర్చారన్నమాట.

కాకినాడ నల్లకోటు:
చేర్చిన తీరు కూడా చెప్పుకోవాలి. 2023 ఆగస్టు 11న లోక్‌సభలో పెట్టిన మొదటి బిల్లులో సమాజ సేవ అన్నారే గాని అంటే ఏమిటో చెప్పలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం ఆ లోటు ఎత్తిచూపింది. డిసెంబర్‌లో ఆ బిల్లులు వెనక్కి తీసుకుని కొత్తవి పెట్టినప్పుడు దాని జంట చట్టం, కేసుల విచారణ పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ కింద వివరణ వచ్చింది. కోర్టు చేయమన్న, సమాజానికి పనికొచ్చే పని, దానికి కూలి ఉండదు. అంతే. ఏ పని, ఎన్ని గంటలు, ఎవరు చూసుకుంటారు అన్నది అందులో వెతక్కండి. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చినవాడికి, తాగి బజార్లో గోల చేసినవాడికి, పరువునష్టం కేసులో, ఇలాంటి చిన్నవాటికే. లోక్‌సభలో 20న, రాజ్యసభలో 21న మూజువాణి ఓటుతో అయిపోయింది. ఆ సమావేశాల్లో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. 2024 జులై 1 నుంచి అమలు.

నరసాపురం లేసు:
మూజువాణి కాదండీ, మూజుబానీ. ముఁహ్ జబానీ, నోటిమాట. మనవాళ్లు బా-ని వా చేసి సరస్వతమ్మని తెచ్చి కూర్చోబెట్టారు.

పాలకొల్లు పంతులు:
తెచ్చారు, ఆవిడ కూర్చుంది. ఇప్పుడు లెమ్మంటే లేస్తుందా? పేపర్లన్నీ మూజువాణే రాస్తాయి. సభలో ఖాళీ కుర్చీలు ఎక్కువైనప్పుడు వాణి ఇంకా స్పష్టంగా వినబడుతుంది కూడాను.

కోటిపల్లి రేవు:
ఇది పొ, బొ మాట. బా, వా కోసం వేరే దారం (థ్రెడ్) తెరవండి.

అమలాపురం గుమాస్తా:
అయ్యా, ప్రెస్సువాడు ఫోన్ చేశాడు. పొ వేయమంటారా, బొ వేయమంటారా?

కాకినాడ నల్లకోటు:
గుమాస్తాగారూ, ఏ అక్షరం వేసినా ఆ పద్యం ఆ కరపత్రానికి నప్పదు. శ్రీనాథుడికి పడింది శిక్షే కాదు. ఆయన ఏ నేరమూ చేయలేదు, శిస్తు బాకీ పడ్డాడు. బాకీ రాబట్టడానికి చేసిన హింస అది. పాత ఐపీసీ, అదే శిక్షాస్మృతి, 330వ సెక్షన్ తీయండి. ఒప్పుకోలు కోసమో ఆస్తి రాబట్టడానికో కొట్టి హింసిస్తే ఏడేళ్ల దాకా జైలు. కింద ఉదాహరణలుంటాయి కదా, అందులో మూడోది: రెవెన్యూ అధికారి ఒకడు శిస్తు బకాయి కట్టించడానికి ఎవరినైనా హింసిస్తే ఈ సెక్షన్ కింద నేరస్తుడే. బొడ్డుపల్లె కేసు అచ్చంగా అదే. న్యాయ సంహితలో అది 120 అయింది. దాన్ని సమాజ సేవ నెత్తిన పెడితే, శిస్తు వసూలుకి కట్టేయడాన్నీ కోర్టు వేసే శిక్షనీ ఒకే గాటన కట్టినట్టు.

రాజమండ్రి పాతపేట:
అద్భుతం. ఆ ఉదాహరణ అక్కడికి ఊరికే రాలేదని నా నమ్మకం. మద్రాసు రైతుల్ని శిస్తు కోసం హింసిస్తున్నారని లండన్ కామన్స్ సభలో 1854లో చర్చ జరిగింది. ఆ వెంటనే కమిషన్ వేశారు, 1855లో నివేదిక వచ్చింది. ఎండలో నిలబెట్టడం, వీపున రాయి మోయించడం, వేళ్లను కిట్టిలో నొక్కడం, అన్నీ అందులో ఉన్నాయి. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే కాలవల్లో నీళ్లు పారుతున్న రోజుల్లో కూడా ఆ ఏలుబడిలో బకాయిదారు వీపు మీదికి గుండు ఎక్కుతూనే ఉంది. శ్రీనాథుడి తర్వాత 400 ఏళ్లు గడిచినా నగరివాకిట నల్లగుండు కదల్లేదు. ఐపీసీ 1860లో వచ్చింది, అమలు 1862లో.

కోటిపల్లి రేవు:
విన్నారా! ఎండలో నిలబెట్టడమే ఒక హింస అని కమిషనే రాసింది. దానికి మళ్లీ మెడలో గొలుసెందుకు? ఎదురెండే పొగడదండ. ద్రుతం లేదు. పొ.

మండపేట మాస్టారు:
అదే నివేదికలో రాయి రాయిగానే ఉంది, కిట్టి కిట్టిగానే ఉంది. ఒక్క ఎండ పట్టుకుని వ్యాకరణం కూలుస్తానంటే ఎలాగండీ? పైగా మీ సమాసం ఒప్పుకుంటే ఇంకొకరెవరో వచ్చి గసడదవాదేశం చేసి, అంటే ప-ని వ చేసి, వొగడదండ అంటారు. మూడో పాఠాన్ని నేను భరించలేను.

పొగడచెట్టు నీడ:
వొగడదండ వినడానికి బాగానే ఉంది.

నరసాపురం లేసు:
నల్లకోటుగారి లెక్కన శ్రీనాథుడు బాధితుడు, రెవెన్యూ అధికారి ముద్దాయి. కానీ ముద్దాయి అంటే అసలు దావా వేసినవాడు. ఉర్దూలో ఇప్పటికీ వాదినే ముద్దయీ అంటారు, ప్రతివాది ముద్దాలేహ్. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాదు చేసినవాడు బోనెక్కాడు.

కాకినాడ నల్లకోటు:
మా కోర్టులో అది రోజూ జరిగేదే, ఉర్దూతో పనిలేకుండా.

అమలాపురం గుమాస్తా:
వకీలుగారికి ఇదంతా చదివి వినిపించాను. నల్లకోటుగారు చెప్పిన 330 మాట ఆయనకి నచ్చింది. శిస్తు హింస మీద ఇంకో కరపత్రం వేద్దాం, పద్యం దానికి ఉంచు అన్నారు. దీనికి మాత్రం పద్యం లేదు. పొ, బొ ఏదో తేల్చి చెప్పండి, రెండోదానికి కావాలి.

మండపేట మాస్టారు:
బొ. అరసున్నతో.

కోటిపల్లి రేవు:
పొ. శ్రీనాథుడి భీమఖండం పుట్టిన నేల మీద నిలబడి చెబుతున్నాను, ద్రాక్షారామం మాకు కూతవేటు.

మండపేట మాస్టారు:
మాకూ దూరమేం కాదు. భీమఖండంలో ద్రుతం మీద సరళాదేశం (ప-ని బ చేయడం లాంటిది) మానేసిన చోటు ఒక్కటి చూపించండి, నేను పొ అంటాను.

కోటిపల్లి రేవు:
మళ్లీ ద్రుతం అంటారు. ఉందా లేదా అన్నదే కదా పేచీ! సరే, భీమఖండంలో ఎండ అన్న మాట పక్కన పరుషం ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తాను. మొదటి ఆశ్వాసం నుంచి.

రాజమండ్రి పాతపేట:
ఆ పనిలో ఉండగా దాన్ని అంకితం తీసుకున్న బెండపూడి అన్నయమంత్రి మీద ఉన్న అవతారిక పద్యాలు కూడా ఇక్కడ పెట్టండి. చాలా రోజులైంది చదివి.