అప్‌డేట్: టీమ్ లీడ్ నుంచి కిందికి దిగడం, గ్రాట్యుటీ లెక్క

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ల సర్వీసున్న టీమ్ లీడ్ అదే కంపెనీలో మామూలు డెవలపర్‌గా దిగాలా, మానేసి తక్కువ జీతానికి వేరేచోట చేరాలా అని ఇంతకుముందు ఓ పోస్టులో అడిగాను. లెక్కలేశాక తేలిందేమిటంటే, అసలు తిరకాసు గ్రాట్యుటీలో (ఏళ్ల సర్వీసుకు కంపెనీ మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) ఉంది.

గ్రాట్యుటీ కట్టేది ప్రధానంగా చివరగా తీసుకున్న నెల బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) మీద. ఆ మొత్తాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. డీఏ లేదనుకుందాం. బేసిక్ 60,000 ఉండగా మానేస్తే 8 ఏళ్లకు సుమారు 2,76,900. లోపలే 40,000కు దిగితే అదే ఎనిమిదేళ్ల విలువ 1,84,600. పాత ఏళ్లకు పాత రేటు కట్టరు మరి! అందుకే లోపలే దిగేవాళ్లు కోత బేసిక్‌లో కాకుండా వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం), అలవెన్సుల్లో పడేలా మాట్లాడుకోవాలి. హెచ్‌ఆర్ నోటిమాట చాలదు, సవరించిన లెటర్‌లో అంకెలు ఉండాలి. దానికి ఒప్పుకోకపోతే మానేయడమే నయం.

మానేసేవాళ్లకు గ్రూపు హెల్త్ పాలసీ సాధారణంగా చివరి పనిరోజుతో సరి. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే దరఖాస్తు ముందే పెట్టాలి. మధ్యలో గ్యాప్ వస్తే షుగర్, బీపీలకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని గడువు) మళ్లీ మొదటికొచ్చే ప్రమాదముంది.

ఏడాది మధ్యలో మారితే పాత జీతం, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) వివరాలు కొత్తచోట ఇవ్వాలి. లేదంటే రెండు కంపెనీలూ స్టాండర్డ్ డిడక్షన్ (జీతంపై పన్ను లెక్కలో ఇచ్చే స్థిర తగ్గింపు) లెక్కేస్తాయి, రిటర్న్ వేసేనాడు ఆ తేడా మన నెత్తినే. పీఎఫ్ మాత్రం తీయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టాలి.