మజ్జిగ ప్యాకెట్టును పళ్లతో కొరకనవసరం లేకుండా చేయడం ఎలా?

ఉప్పల్_మజ్జిగ:
ఉప్పల్‌లో మాకొక చిన్న మజ్జిగ యూనిట్ ఉంది. వేసవిలో 200 మిల్లీలీటర్ల మసాలా మజ్జిగను దిండు ఆకారపు పాలిథిన్ ప్యాకెట్లలో నింపి కిరాణా దుకాణాలకూ, బస్‌స్టాపుల దగ్గరి బడ్డీకొట్లకూ వేస్తాము. రుచి గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫిర్యాదంతా ప్యాకెట్టు మీదే. ఎండలో నిలబడి తాగేవారి దగ్గర కత్తెర ఉండదు కనుక మూలను పళ్లతో కొరుకుతారు. ఫిల్మ్ తెగకుండా తీగలా సాగి, తెగిన క్షణంలో మజ్జిగ చొక్కా మీదికి చిమ్ముతుంది. పోయిన వారం మా అత్తగారు ఒక ప్యాకెట్టుతో కాసేపు కుస్తీ పట్టి, చివరికి పిన్నీసుతో పొడిచారు. ఫిల్మ్ సరఫరా చేసే ఆయన సలహా మేరకు పక్క అంచున చిన్న గాటు పెట్టించాము గాని, చిరుగు ఎటో వంకరగా పోతోంది, పైగా రెండు క్రేట్లలో లీకేజీ వచ్చింది. స్పౌట్ (ఒంపే చిన్న గొట్టం) ఉన్న పౌచ్‌కు మారాలా, రేకు మూత అతికించిన కప్పుకు మారాలా, లేక ఉన్న ప్యాకెట్టునే బాగుచేసుకోవచ్చా? ధర పది రూపాయలు దాటితే మా సరుకు కొనేవారు ఉండరన్న సంగతిని దృష్టిలో ఉంచుకుని చెప్పగలరు.

జీడిమెట్ల_ఫిల్మ్:
మీరు గాటు పెట్టిన చోటే పొరపాటు జరిగిందని నా అభిప్రాయం. పాల ప్యాకెట్లకు వాడే ఫిల్మ్‌లో ఎల్‌ఎల్‌డీపీఈ అనే ఒక రకం పాలిథిన్ వాటా ఎక్కువగా ఉంటుంది. కింద పడినా పగలకుండా, పొడుచుకున్నా చిల్లు పడకుండా సాగే గుణం దానిదే, మీ కస్టమర్లను ఏడిపిస్తున్నదీ ఆ గుణమే. అయితే ఇటువంటి ఫిల్మ్ అన్ని దిశలలోనూ ఒకేలా చిరగదు. తయారీ యంత్రంలో సాగిన దిశలో, అంటే రోల్ పొడవు వెంట, సాధారణంగా సులువుగానూ సూటిగానూ చిరుగుతుంది, దానికి అడ్డంగా లాగితే మొండికేస్తుంది. మీ నింపే యంత్రంలో ఫిల్మ్ పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి ఆ దిశ ప్యాకెట్టు పొడవు వెంట ఉంటుంది. పక్క అంచున గాటు పెట్టి అడ్డంగా చింపమంటే ఫిల్మ్ ఒప్పుకోదు. పైగా దిండు ప్యాకెట్టు పక్కన ఉండేది ఉత్త మడత, అక్కడ సీల్ ఉండదు. గాటు కొంచెం లోతైతే చాలు, మజ్జిగ బయటికి వస్తుంది. మీ లీకేజీకి కారణం అదే.

గాటును పై సీల్‌కు మార్చండి. మూలకు ఒక అంగుళం లోపలగా, సీల్ వెడల్పులో సగానికి మించకుండా ఉంటే చాలు. సీల్‌ను కొంచెం వెడల్పు చేసుకుంటే గాటుకు రెండు వైపులా వేళ్లతో పట్టుకోవడానికి తడి అంటని అంచు దొరుకుతుంది. ముందుగా రోల్ నుంచి ఒక ముక్క కోసి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చేత్తో చింపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అంకెల్లో కావాలంటే చర్లపల్లిలోని సీపెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థను అడగండి, చిరగడానికి ఎంత బలం కావాలో కొలిచే ఎల్మెన్‌డార్ఫ్ పరీక్ష అంటే వారికి అర్థమవుతుంది.

పైన 12 మైక్రాన్ల పాలియెస్టర్, లోపల పాలిథిన్ ఉన్న ల్యామినేట్ వాడితే చిన్న గాటుకే చక్కగా చిరుగుతుంది. కానీ ఖర్చు పెరుగుతుంది, రెండు రకాల ప్లాస్టిక్‌లు అతుక్కుని ఉన్న ప్యాకెట్టును కరిగించి తిరిగి వాడుకోవడమూ కష్టం. పది రూపాయల సరుకుకు నేనైతే దాని జోలికి పోను.

లాలాపేట_విశ్రాంత:
డెయిరీలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడిని. తెరవడం ఒక సమస్య, ఒంపడం మరొక సమస్య. చాలామంది రెండింటినీ కలిపేస్తారు. సీసా నుంచి ద్రవం బయటికి రావాలంటే అంత మేరకు గాలి లోపలికి పోవాలి. రెండింటికీ ఒకటే ఇరుకు దారి అయితే గుడగుడమంటూ దఫదఫాలుగా పడుతుంది. అట్టపెట్టె పాలను రంధ్రం పై వైపున ఉండేలా పట్టుకుని ఒంపితే ధార సాఫీగా రావడానికి కారణం ఇదే. మెత్తటి ప్యాకెట్టుకు ఈ బాధ లేదు, ఖాళీ అయినకొద్దీ అదే ముడుచుకుంటుంది. అంత మంచి గుణాన్ని వదులుకుని గట్టి కప్పుకు పోవడం ఎందుకు?

చిమ్మడానికి కారణం వేరు. ప్యాకెట్టు నిండుగా బిగిసి ఉంటే, పట్టుకున్న చేతి ఒత్తిడంతా మజ్జిగ మీద పడి, తెరిచిన సందులోంచి ఎగజిమ్ముతుంది. 200 మిల్లీలీటర్లు తగ్గించడానికి వీల్లేదు కనుక ప్యాకెట్టు పొడవునే రెండు సెంటీమీటర్లు పెంచండి. నిలబెట్టి పట్టుకుంటే పై భాగం ఖాళీగా, చదునుగా ఉంటుంది. పైన జీడిమెట్ల గారు చెప్పిన నిలువు చిరుగు ఆ ఖాళీలోనే ఆగిపోతుంది.

స్పౌట్ విషయంలో ఒక హెచ్చరిక. మీది మసాలా మజ్జిగ. కరివేపాకు, అల్లం తురుము, కొత్తిమీర ఇరుకు గొట్టంలో అడ్డుపడతాయి. వడకట్టి నింపితే అడ్డుపడదు, కానీ అది మీ మజ్జిగ కాదు. స్ట్రా ఇస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు దేశమంతటా నిషేధం; కాగితపు స్ట్రా కొన నానితే ఫిల్మ్‌ను పొడవలేదు.

నిలువు చిరుగు వల్ల ఇంకో లాభం ఉంది: మూల ముక్క ఊడిపోదు. డబ్బా పానీయాలలోనూ ఇదే జరిగింది. అమెరికాలో ఎర్మల్ ఫ్రేజ్ రూపొందించిన ఊడివచ్చే రింగుకు 1960లలో పేటెంటు వచ్చింది; ఆ రింగులు రోడ్ల మీదా బీచ్‌లలోనూ పేరుకుపోవడంతో, 1975 నాటికి డబ్బాకే అంటుకుని ఉండే ట్యాబ్ వచ్చింది. మన బస్‌స్టాపుల కింద పడి ఉండే ప్యాకెట్టు మూలలను ఏ చీపురూ ఎత్తలేదు.

వేళ్లనొప్పులు:
నేను ఫిజియోథెరపీ చేస్తాను, ప్యాకింగ్ గురించి తెలియదు. కీళ్లవాతం ఉన్నవారు బొటనవేలి కొనతో చిన్న వస్తువును గిల్లి పట్టుకోలేరు, వేళ్ల పక్కలతో అయితే పట్టుకోగలరు. అందుకే గాటు కంటే పట్టు ముఖ్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాకెట్టుకు చెమ్మ పట్టి వేళ్లు జారతాయి కాబట్టి ఆరిన చేతులతో చేసిన పరీక్ష చెల్లదు. ప్యాకింగ్ సులువుగా తెరుచుకోవడం గురించి ఐఎస్ఓ 17480 అనే ప్రమాణం 2015లో వచ్చింది, చూడండి. అంత దూరం పోకపోయినా, మీ అత్తగారి చేతికి చల్లటి ప్యాకెట్టు ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఎదురుగా కూర్చోండి. గాటు ఎక్కడుందో ఆవిడ వెతుక్కోవలసి వస్తే, అక్కడ ముదురు రంగు గీత ముద్రించాలి.

ఉప్పల్_మజ్జిగ:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం రోల్ ముక్కను చింపి చూశాను. నిలువుగా కాగితంలా చిరిగింది, అడ్డంగా సాగింది. పై సీల్ వెడల్పు, ప్యాకెట్టు పొడవు మార్చి ఒక క్రేట్ నింపించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మా అత్తగారికి ఇచ్చాను. చింపడం రెండో ప్రయత్నంలో అయింది, చుక్క చిమ్మలేదు. అయితే చిరుగు సన్నగా ఉండడం వల్ల కరివేపాకు దగ్గర ధార ఆగుతోంది, ఆవిడ వేలితో సందును వెడల్పు చేసుకున్నారు. గాటును నిలువు గీతలా కాకుండా వి ఆకారంలో కోయిస్తే నోరు కొంచెం విచ్చుకుంటుందా?

జీడిమెట్ల_ఫిల్మ్:
వి గాటు చిరుగును సులువుగా మొదలుపెడుతుంది గాని నోటిని వెడల్పు చేయదు. అంగుళం దూరంలో రెండు గాట్లు పెట్టి, మధ్య పట్టీని కిందికి లాగేలా చేయండి. రెండు చిరుగులూ నిలువుగానే దిగుతాయి, పట్టీ అడుగున అంటుకునే ఉంటుంది, కరివేపాకు పట్టేంత నోరు వస్తుంది. గాట్లు కోసే బ్లేడు మాత్రం పదునుగా ఉండాలి.