విక్రాంత్‌లో పనిచేసిన తాతయ్య యుద్ధం మాట ఎత్తరు, ఎలా అడగాలి?

సిక్కోలు_కుర్రాడు: మా తాతయ్య 1971 యుద్ధంలో విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌లో స్టోకర్, అంటే బాయిలర్ల దగ్గర పనిచేసే సెయిలర్. ఎప్పుడు అడిగినా "నేను కింద ఉన్నాన్రా, ఏమీ చూడలేదు" అని మాట దాటేస్తారు. నేవీ డే నాటికి ఆయన చేత నాలుగు మాటలు చెప్పించి రికార్డ్ చేద్దామని ఉంది. నిజంగానే ఏమీ చూసి ఉండరా? పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పుడైనా దగ్గర్లోనే ఉండాలి కదా?

బీచ్‌రోడ్_రావు: ఘాజీ గురించి అడిగి లాభం లేదు తమ్ముడూ. అది పేలింది డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక, విశాఖ దగ్గర. విక్రాంత్‌ని అంతకుముందే అండమాన్ పంపేశారు. అది ఇక్కడే ఉందని ఘాజీని నమ్మించడానికి ఐఎన్‌ఎస్ రాజ్‌పుట్ దొంగ సిగ్నళ్లు పంపింది. ఆ రాత్రి కిటికీలు అదిరాయని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పాత_స్టోకర్: బాబూ, తాతగారు అబద్ధం చెప్పడం లేదు. నేనూ విక్రాంత్ బాయిలర్ రూమ్ మనిషినే. నాకు కనబడిన యుద్ధమల్లా ఒక గేజ్ ముల్లు. పైన డెక్ మీంచి సీహాక్ యుద్ధ విమానం లేచేది మా ఆవిరితోనే. విమానాన్ని ముందుకి విసిరే కేటపుల్ట్‌కి ఆవిరి వదలగానే ముల్లు కిందికి పడేది, నెత్తి మీద ధన్‌మని చప్పుడయ్యేది. ఒకటి వెళ్లిందన్నమాట. కాక్స్‌బజార్ వెళ్లిందో, చిట్టగాంగ్ వెళ్లిందో మాకెవరు చెబుతారు? ముల్లుని మళ్లీ పైకి తేవడమే మా పని. ఉన్న నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు, ఓడకి పూర్తి స్పీడు రాదు. స్పీడు లేకపోతే డెక్ మీద గాలి చాలదు, గాలి చాలకపోతే విమానం లేవదు. ఆ టెన్షనంతా మా మీదే. చెమట బూట్లలోకి దిగేది.

అసలు సంగతి వేరే. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. నాతో ట్రైనింగ్ అయినవాడొకడు అందులో ఉన్నాడు, వాడూ స్టోకరే. సెలవు దొరికాక వాళ్ల ఊరు వెళ్లాను. టెలిగ్రాం ఎప్పుడో వచ్చింది, వాళ్లమ్మ మాత్రం కర్మ చేయనివ్వలేదు. శవం రాలేదు కదా అంటుంది. "వాడికి ఈత బాగా వచ్చు నాయనా, ఏ ఒడ్డుకో చేరి ఉండడా?" అని నన్నే అడిగింది. అడుగున ఉన్నవాడికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఆ మాట ఆవిడతో ఎలా అనను? పెట్టిన అన్నం తిని వచ్చేశాను.

కాబట్టి యుద్ధం గురించి అడక్కండి. వాచ్‌లో, అంటే డ్యూటీ షిఫ్టులో, పక్కన ఎవరు నిలబడేవారో అడగండి. మా వాళ్లలో చాలామందికి ఆ రొదకి చెవులు పోయాయి, గట్టిగా అడగండి. ఫ్యాన్ కట్టేయండి.

సిక్కోలు_కుర్రాడు: చాలా థాంక్స్ సర్. పెట్టెలో ఆయన పూర్వీ స్టార్ మెడల్ ఉంది, దాంతో మొదలుపెట్టమంటారా?

పాత_స్టోకర్: పెట్టండి. "తూర్పు వైపు ఉన్న అందరికీ ఇచ్చారులే" అంటారు, అననివ్వండి. విక్రాంత్‌ని 2014లో ముంబైలో తుక్కు కింద కోసేసిన సంగతి మాత్రం ఆఖర్న ఎత్తండి. ముందే ఎత్తారో, ఇక తిట్లే రికార్డవుతాయి.