ప్యాచ్‌లు బాగా పంపుతున్నాడని రిపో తాళం చేతికిచ్చేయాలా?

కృష్ణలంక కుర్రాడు:
విజయవాడలో ముగ్గురం కలిసి తెలుగు కీబోర్డు ఒకటి ఓపెన్ సోర్సులో నడుపుతున్నాం. ఆర్నెల్లుగా ఒకతను ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతున్నాడు. "లక్ష్మి" అని కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి మాత్రమే పోవాల్సింది, "క్ష్మి" మొత్తం ఎగిరిపోయేది. మాకు అంతుచిక్కని ఆ బగ్‌ని అతనే పట్టాడు. మనిషిని చూసింది లేదు, గొంతు విన్నదీ లేదు. ఇప్పుడు మా రిపోలో, అంటే కోడ్ దాచే చోట, మెయిన్ బ్రాంచిలోకి (అసలు కోడ్‌లోకి) నేరుగా మార్పులు తోసే, అంటే పుష్ చేసే హక్కు అడుగుతున్నాడు. నాకు ఆదివారం తప్ప తీరిక లేదు, పదకొండు పుల్ రిక్వెస్టులు (కలుపుకోమని వచ్చిన మార్పులు) పెండింగు. ఇచ్చేద్దామని నేను, వద్దని మావాళ్లు. ఏమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను:
వద్దు తమ్ముడూ. మా గుంటూరులో మేడ మీద గది అద్దెకివ్వాలన్నా ఎవరి తాలూకని ఆరా తీస్తాం. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్సు టూల్ సంగతి తెలుసుగా? జియా టాన్ అనే పేరుతో ఎవరో 2021లో మొదలుపెట్టి ఓపిగ్గా ప్యాచ్‌లు పంపారు. దాన్ని ఒంటరిగా నడిపి అలసిపోయిన మెయింటెయినర్‌ని, ఇంకొకరిని పెట్టుకోవయ్యా అని వేరే ఖాతాలు మెయిళ్లతో సతాయించాయి. హక్కు దక్కింది. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దూర్చారు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఎందుకు లేటవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది.

ఏలూరు రోడ్డు:
అన్నా, గది అద్దెకిస్తాం గానీ బీరువా తాళం ఇవ్వం కదా! ఎక్స్‌జెడ్‌లో దొంగ కోడ్‌ని టెస్టు ఫైళ్ల ముసుగులో రిపోలోనే దాచినా, దాన్ని లేపే స్క్రిప్టు మాత్రం విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (జనం దించుకునే కోడ్ మూటలోనే) ఉంది. అంటే పుష్ హక్కు ఒకటి, విడుదల హక్కు ఒకటి. రెండోది ఎవరికీ ఒంటరిగా ఇవ్వకూడదు. అలాగని పనిచేసేవాణ్ని గుమ్మంలో నిలబెట్టినా తప్పే. నేను ఓ ప్రాజెక్టుకి రెండు లైన్ల సవరణ పంపితే ఏడాది పడుంది. తర్వాత ఆ ప్రాజెక్టు మెయింటెయినరే అదే కోడు రాసి కలుపుకున్నాడు. మళ్లీ అటు వెళ్లలేదు.

బ్రాడీపేట నాలుగో లైను:
టార్‌బాల్ మాట నిజమే, ఒప్పుకుంటా. అయినా నేరుగా పుష్ మాత్రం వద్దు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ప్రాజెక్టు ఆర్గనైజేషన్ (బృందం ఖాతా) కింద ఉంటే ట్రయాజ్ హక్కు ఇవ్వొచ్చు. ఇష్యూలు (వచ్చిన ఫిర్యాదులు, సూచనలు) సర్దుతాడు, కోడ్ మీద చెయ్యి పడదు. కొన్నాళ్లాగి రైట్ (కోడ్ రాసే) హక్కు ఇచ్చినా మెయిన్‌కి తాళం వేసి, రాసినవాడు కాక ఇంకొకరు చూసి ఓకే అంటేనే కలిసేలా పెట్టండి. ఓకే అయ్యాక కొత్త కమిట్ (మార్పు) తోస్తే పాత ఓకే రద్దయ్యే సెట్టింగు కూడా పెట్టండి. చాలామంది వదిలేసేది అక్కడే. అడ్మిన్లకు మినహాయింపు వద్దు.

కృష్ణలంక కుర్రాడు:
నిన్న రాత్రి అన్నీ పెట్టేశాను. విడుదల ఇద్దరు చూస్తేనే అని మాట్లాడుకున్నాం. తాళానికి మొదట దొరికింది నేనే. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైల్లో) అచ్చుతప్పు దిద్ది పుష్ చేయబోతే తిప్పికొట్టింది. ట్రయాజ్ హక్కిస్తామని అతనికి రాశాను, ఇంకా జవాబు రాలేదు.