తల ఒకపక్క సొట్ట పడితే ఆవాల దిండు పెట్టాలా, వద్దా?

ఓరుగల్లు ముచ్చట:
బాలింతను చూడొచ్చినోళ్లు ముందు బిడ్డ తలనే చూస్తరు. "కుడిపక్క సొట్ట పడుతున్నది, ఆవాల దిండు కుట్టియ్యలే?" అంటరు. పిల్లల డాక్టర్లేమో ఏడాది దాకా దిండే వద్దంటున్నరు. రెండు నెలల బిడ్డకు ఏది సరి? ఎందుకో కూడా చెప్పండి.

పరకాల పెద్దమ్మ:
కుట్టుడు తెలవకనే దిండుకు చెడ్డపేరొచ్చింది. పాత నూలు చీర రెండు పొరలుగ కుట్టి, ఎండబెట్టిన ఆవాలు సగానికే పొయ్యాలె. నిండా కూరితే రాయైతది. సగమే ఉంటే గింజలు పక్కకు జరిగి తలకు గుంత చేస్తయి, బరువు ఒక్కకాడ పడదు.

కాజీపేట ఫిజియో:
పెద్దమ్మా, గింజలు జరిగే మాట నిజమే. చిక్కంతా ఆ గుంతతోనే. సొట్ట పడేది పరుపు గట్టిగా ఉన్నందుకు కాదు, తల ఎప్పుడూ ఒకే వైపు వాలుతున్నందుకు. రెండు నెలల మెడకు గుంతలోంచి తల పైకి తిప్పుకునే బలం ఉండదు, మళ్లీ అదే వైపు ఒరుగుతుంది. పైగా దిండు ఎత్తుకు గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి ఇరుకవుతుంది. కుట్టు విడితే ఆవాలు నోట్లోకి పోతాయి. తల ఆకారం కోసమని అమ్మే దిండ్లు వాడొద్దని, మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది.

జనగామ అన్న:
మరి రాత్రి బోర్లా పండవెడితే సొట్ట బాధ, దిండు బాధ రెండూ తప్పుతయి గదా?

కాజీపేట ఫిజియో:
అది అసలే వద్దన్నా. అమెరికాలో 1992 నుంచి పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పడం మొదలైంది. ఆ తర్వాత నిద్రలో ఉన్నట్టుండి పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. సొట్ట తలలు పెరిగింది కూడా అప్పటినుంచే. అయినా సొట్టను సరిచేసుకోవచ్చు. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే, బోర్లా వేసేది మెలకువలోనే.

నర్సంపేట సిస్టర్:
బోర్లా వేసే పద్ధతి మన స్నానంలోనే ఉంది. పెద్దావిడ కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసి వీపు రుద్దుతుంది చూడండి, అప్పుడు బిడ్డ మెడ ఎత్తుతుంది. అలా మెలకువలో బోర్లా వేయడం రోజంతా కొంచెం కొంచెంగా చేయాలి. మొదట ఒకటి రెండు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు, మెల్లగా రోజు మొత్తం మీద అరగంటకు తేవాలి. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కుతారు.

పడుకోబెట్టేటప్పుడు తల ఒకరోజు గోడవైపు, మర్నాడు తలుపువైపు పెట్టండి. బిడ్డ వెలుతురు వైపు, అమ్మ వైపు చూస్తుంది కాబట్టి తల తనే తిప్పుతుంది. డబ్బా పాలైతే పట్టే చెయ్యి మార్చండి.

జనగామ అన్న:
ఇయ్యన్ని జేసినా పోకుంటే తల ఆకారం సరిజేసే హెల్మెట్ పెట్టియ్యాలంటరు. అంత ఖర్చు అవసరమా?

కాజీపేట ఫిజియో:
రోజుకు 23 గంటలు పెట్టాలి, చెమటకు చర్మం ఒరుస్తుంది. నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ తేడా కనబడలేదు. అయితే మరీ తీవ్రంగా సొట్ట పడ్డవాళ్లనూ, మెడ పట్టేసినవాళ్లనూ అందులో తీసుకోలేదు. కాబట్టి మామూలు సొట్టకు హెల్మెట్ అక్కర్లేదనే నా మాట.

డబ్బు కంటే ముందు మెడ చూడండి. బిడ్డను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని గిలక్కాయను చూపిస్తూ ఒక భుజం నుంచి రెండో భుజం దాకా తీసుకెళ్లండి. ఒకవైపు తల సగంలోనే ఆగిపోతే మెడ కండరం పట్టేసినట్టు అనుమానించాలి. కొందరికి మెడ పక్కన రేగు గింజంత గడ్డ చేతికి తగులుతుంది. పట్టేసిన మెడను ఇంట్లో లాగి సాగదీయొద్దు, ఫిజియో దగ్గర నేర్చుకుని చెయ్యాలి. మూడు నెలల లోపు మొదలుపెడితే తొందరగా వదులుతుంది.

నర్సంపేట సిస్టర్:
చెవులు కూడా చూడండి. రెండు చెవుల్లో చూపుడు వేళ్లు ఆనించి పైనుంచి చూస్తే, సొట్ట ఉన్న వైపు చెవి ముందుకు జరిగి ఉంటుంది. పడుకోవడం వల్ల వచ్చిన సొట్టలో చెవి ఇలా ముందుకే ఉంటుంది. ఆ చెవి వెనక్కి పోయినా, తల ఎముకల అతుకు మీద గట్టి గట్టులా తగిలినా, తల చుట్టుకొలత పెరగకపోయినా అది పడుకోవడం వల్ల వచ్చిన సొట్ట కాకపోవచ్చు, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. 6, 10, 14 వారాల టీకాలకు ఎట్లాగూ వెళ్తారు, అప్పుడే తల, మెడ చూడమని అడగండి.

పరకాల పెద్దమ్మ:
సరే బిడ్డా, దిండు తీసేద్దాం. నూనె రాసి తల ఒత్తుడు?

నర్సంపేట సిస్టర్:
నూనె రాయండి పెద్దమ్మా, ఒత్తొద్దు. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు కింద ఎముక ఇంకా కలవలేదు.