1938 కాన్సాస్ రైతు ఇల్లు: రేడియో, గౌను, రేషను సీను సందేహాలు

జయపురం రంగస్థలం:
రాయగడ పోటీలకి కొత్త నాటిక వేస్తున్నాం. కాన్సాస్‌లో గోధుమ రైతు ఇల్లు, 1938 జూన్, ఊళ్లోకి ఇంకా కరెంటు రాలేదు. చూసేవాళ్లలో సగంమంది ఒడియావాళ్లు, అంచేత మాట కన్నా సామానే ఎక్కువ చెప్పాలి. రేడియోకి పచ్చకన్ను (స్టేషను సరిగ్గా కుదిరిందని చూపే పచ్చదీపం) ఉన్న పాత వాల్వు సెట్టు బరంపురంలో అద్దెకి దొరికింది. నాబ్ తిప్పాక పావు నిమిషం ఆగి, డయలు వెలిగి, గుయ్‌మని మోత వచ్చి, అప్పుడు వార్తలు వచ్చేలా రాసుకున్నాం. కోడలి గౌను మేత గోతాం గుడ్డతో కుట్టినట్టుండాలి. ఇక అత్తగారి చేతిలో రేషను పుస్తకం, పంచదార దగ్గర తగువు. ఇవి సరేనా?

గుణుపురం వాల్వు:
పచ్చకన్ను మీద నల్లకాగితం అతికించండి మాస్టారూ. అది కరెంటు సెట్ల షోకు. మీ రైతుది బ్యాటరీ సెట్టు. అందులో వాల్వు లోపలి సన్నతీగ, అంటే ఫిలమెంటే, నేరుగా పని చేస్తుంది, పైన వేడెక్కాల్సిన గొట్టం ఉండదు. అందుకే నాబ్ తిప్పిన సెకనులో గొంతు వచ్చేస్తుంది. ఆ పావు నిమిషం కొట్టేయండి, గుయ్‌మనే మోత కూడా. 6 వోల్టుల బ్యాటరీ కరెంటుని ఎక్కువ వోల్టులకి పెంచే వైబ్రేటర్ ఉన్న సెట్టయితే మాత్రం సన్నగా జుయ్‌మంటుంది. డయలు దీపం చాలా సెట్లకి ఉండదు. ఉన్నా కొన్నిట్లో బటన్ నొక్కినంతసేపే. మీ లైటింగు కుర్రాడు పసుపు వెలుగు పెడతానంటే ఒప్పుకోకండి.

బల్ల కింద సామాను ముఖ్యం. ఫిలమెంటుకి 2 వోల్టుల ఎ బ్యాటరీ, వాల్వు లోపలి ప్లేటుకి 45 వోల్టుల బి బ్యాటరీలు మూడు, వరసగా కలిపితే 135. అట్టపెట్టెలకి రంగేసి పెట్టొచ్చు గానీ లోపల ఇసుక పోయండి, ఎత్తేటప్పుడు బరువు కనబడాలి. బి తీగలు పొరపాటున ఎ చోట తగిలిస్తే వాల్వులన్నీ ఒక్క దెబ్బకి మాడిపోతాయి. పాలేరు తీగల మీద చెయ్యి వేస్తే రైతు కేకెయ్యడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. కిటికీలోంచి ఏరియల్ తీగ బయటికి పోవాలి, పింగాణీ గుబ్బ వేసి. ఎర్తు తీగ వేరేగా నేలలోకి.

జూన్ అన్నారు కాబట్టి ఒక మాట. 22వ తేదీ రాత్రి న్యూయార్కులో జో లూయిస్, మాక్స్ ష్మెలింగ్ బాక్సింగ్. మొదటి రౌండులోనే 2 నిమిషాల 4 సెకన్లలో తేలిపోయింది. బ్యాటరీ దాచుకుని దాచుకుని పెట్టిన సెట్టు, పాలేరు నీళ్లు తేవడానికి వెళ్లొచ్చేలోపు పోటీ ఖతం. వార్తల కన్నా అది పండుతుంది.

కోరాగుడ్డ:
100 పౌన్ల మేత గోతాం, అంటే 45 కిలోలది, కుట్టు విప్పి పరిస్తే ఇంచుమించు 36 అంగుళాలు × 44. పెద్దవాళ్ల గౌనుకి మూడు నాలుగు పడతాయి. అందుకే ఒకే ప్రింటు గోతాలు వెతుక్కునేవారు. పూల ప్రింట్లు అప్పటికే వచ్చాయి, కానీ మీకు సాదాదే మేలు, దూరానికి గోతామని తెలుస్తుంది. అచ్చం నూలు కోరా కొనండి. పాలియెస్టరు కలిస్తే లైట్ల కింద మెరుస్తుంది. కత్తిరించే ముందే ఒకసారి ఉడకబెట్టి ఆరెయ్యండి, లేకపోతే కుట్టాక కురచైపోతుంది.

గోతాం కుట్టు గొలుసుకుట్టు. సరైన కొస లాగితే జర్రున మొత్తం ఊడి వస్తుంది, రెండో కొస లాగితే బిగుసుకుంటుంది. ఊడదీశాక అంచు వెంట సూది కన్నాల వరస మిగిలిపోతుంది. దబ్బనంతో అరంగుళానికొకటి చొప్పున గుచ్చించండి, ముందు వరసవాళ్లకి అదే కనబడేది. ఆ దారం పారేసేవారు కాదు, ఉండ చుట్టి ఉంచేవారు. అత్తగారి చేతికి ఆ ఉండ ఇవ్వండి.

మిల్లు పేరు అక్షరాలు పోవడానికి కిరసనాయిలో, పంది కొవ్వో పట్టించి రాత్రంతా ఉంచి, క్షారపు సబ్బుతో ఉతికేవారు. అయినా పూర్తిగా పోయేవి కాదు. లోపావడా మీద నీలి అక్షరాలు తలకిందులుగా అచ్చు వేసి గరుకు కాగితంతో రుద్దండి, కోడలు వంగినప్పుడు కనబడితే చాలు. వీపున జిప్పు వద్దు, ముందు గుండీలు పెట్టించండి.

సరిహద్దు పాఠకుడు:
రేషను సీను తీసెయ్యాలండి. అమెరికాలో టైర్ల రేషను 1942 జనవరిలో, పంచదార పుస్తకం ఆ ఏడు మేలో. 1938లో సరుకు దుకాణంలో ఉంది, చేతిలో డబ్బు లేదు. మీ తగువు అక్కడ పెట్టండి. పేదలు సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చిన నారింజ, నీలం తిండి స్టాంపులు పెడదామని ఎవరైనా అంటారేమో. అవి 1939 మే 16న న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో మొదలయ్యాయి, అదీ పట్నం సంగతి. అత్తగారికి సోషల్ సెక్యూరిటీ పింఛను కూడా రాయకండి, నెలనెలా ఇవ్వడం 1940 జనవరిలో మొదలు, వ్యవసాయం వాళ్లకి అప్పట్లో వర్తించదు.

పొలం ఇళ్లలో ఆడవాళ్ల చేతి డబ్బు గుడ్లు, మీగడ. దుకాణానికి గుడ్లు వేసి పంచదార, కాఫీ తెచ్చుకునేవారు. పెద్ద చెక్కపెట్టెకి 30 డజన్లు, అంటే 360. రేడియో బ్యాటరీకని కొడుకు ఆ గుడ్ల డబ్బు అడిగాడనుకోండి, అత్తా కోడలూ ఒక్కటైపోతారు.

జయపురం రంగస్థలం:
గుడ్లే ఖాయం. వంటింట్లో మంచుపెట్టె (మంచుగడ్డ వేసి సరుకు చల్లగా ఉంచేది) పెట్టొచ్చా? దాన్ని ఇప్పటికే చేయించేశాం.

సరిహద్దు పాఠకుడు:
మంచుబండి పట్నం వీధుల్లో తిరిగేది. ఇంతదూరం పొలానికి రోజూ రాదు. పాలక్యాను తాడు కట్టి బావిలోకి దించండి. చేయించిన పెట్టెకి తలుపు తీసేసి గుడ్ల పెట్టెగా వాడుకోండి.